గాలి అటు మళ్లింది

ఆ వీధిలో ఎవరింట్లో కిటికీ అద్దం పగిలినా ముందు పిల్లల వీపు విమానం మోత మోగేది, ఆ తరవాత అద్దాలక్కకి కబురు వెళ్లేది. ఆమె వచ్చేది. కొలత తీసుకునేది. పగిలిన ముక్కలు తీసేసి, చట్రం అంచున అద్దాన్ని పట్టి ఉంచే ఎండిన లప్పం ఉలితో గీకి, మారు మాట లేకుండా వెళ్లిపోయేది. సాయంత్రానికి కొత్త అద్దం చంకలో పెట్టుకొని మళ్లీ వచ్చేది. ఆమె ఇంట్లోకి వచ్చినట్టూ తెలిసేది కాదు, వెళ్లినట్టూ తెలిసేది కాదు. కిటికీలోంచి వెలుతురు మాత్రం కొంచెం కొత్తగా కనిపించేది.

ఆ పని ఆమెకి తండ్రి నేర్పాడు. తల్లి చిన్నప్పుడే పోతే, పిల్లని ఎవరి దగ్గరా వదలలేక పనికి వెంట తీసుకుపోయేవాడు. లప్పం డబ్బా మోసే పిల్ల కొన్నాళ్లకి లప్పం కలిపే పిల్ల అయింది, మరి కొన్నాళ్లకి గీత గీసే పిల్ల అయింది. అద్దం కోసే కలానికి కొనలో చిన్న వజ్రపు ములుకు ఉంటుంది. బల్ల మీద కంబళి పరిచి, అద్దం పెట్టి, చెక్క బద్ద ఆనించి ఒక్క గీత గీయాలి. మధ్యలో చెయ్యి ఆగకూడదు. గీసిన చోట మళ్లీ గీయకూడదు. గీత మీద పని ఉన్నప్పుడు మాట మీద ధ్యాస ఉండకూడదని తండ్రి చెప్పేవాడు. ఆమె ఆ ముక్క గీతకే కాక బతుకు మొత్తానికీ పట్టించుకుంది. నోరు తెరిస్తే ఎక్కడ అద్దం పగులుతుందో అన్నట్టు ఉండేది.

భర్త దీనికి సరిగ్గా తిరగేసిన మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. ఊరి పిండిమరలో పని చేసేవాడు. మర ఆఫీసు కిటికీకి అద్దం కావాలని వచ్చి, వాళ్ల అద్దాల కొట్టు ముందున్న స్టూలు మీద కూచుని, గాలి నుంచి గోధుమల దాకా మాట్లాడి, మర్నాడు మళ్లీ వచ్చి ఆగిన చోటునుంచి అందుకున్నాడు. వారం తిరిగేసరికి ఆమె తండ్రి విసిగిపోయి, “అమ్మాయ్, ఇతనికి అద్దమైనా ఇచ్చి పంపు, లేకపోతే పిల్లనైనా ఇచ్చి పంపిస్తాను,” అన్నాడట. రెండూ ఇచ్చారు. అయినా పోలేదు. ఆమె తండ్రి పోయాక, తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చి ఆ కొట్టు వెనకింట్లోనే కాపురం పెట్టాడు.

పిండి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో మెల్లమెల్లగా పేరుకుంది. ముందు దగ్గు, తరవాత ఆయాసం, తరవాత మర మానెయ్యడం. చివరికి మంచం పక్కన ఆక్సిజన్ మిషను వచ్చింది. రాత్రిళ్లు అది గురగురమంటూ గాలి పంపితేగాని ఆయనకి నిద్ర లేదు. పగలు మాత్రం స్టూలు మీద కూచుని వచ్చిన వాళ్లతో కబుర్లు చెప్పేవాడు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు, మళ్లీ అందుకునేవాడు. ఆమె చెయ్యి ఆడేది, ఆయన నోరు ఆడేది, కొట్టు నడిచేది. వంట ఆయనదే. అత్తగారికి చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడదు. శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగే రకం. కొడుకు ఎప్పుడూ పెదవులు కదుపుతూనే ఉంటాడు కాబట్టి వాడేదో చెబుతున్నాడని ఎప్పుడూ తలూపుతూ ఉండేది.

తుపాను వస్తోందని రేడియో చెప్పిన రోజున వీధిలో వాళ్లు ఆమెతో వేళాకోళమాడారు.

“ఇంకేం అక్కా, నీ పంట పండింది!”

“ఒక్క గాలి చాలు, మేడ కట్టేస్తుంది అద్దాలక్క!”

ఆమె నవ్వలేదు. ఆ ఊళ్లో తుపాను అంటే అందరికంటే ఎక్కువ భయం ఆమెకే. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పెద్ద గాలి ఒకటి వచ్చింది. మర్నాడు తండ్రితో కలిసి ఇల్లిల్లూ తిరిగింది. పరుపుల్లోంచి, తలుపు చెక్కల్లోంచి, ఒక ఇంట్లో గోడ సున్నంలోంచి అద్దం పెంకులు పట్టకారుతో లాగింది. గోడలో దిగిన పెంకు మనిషిలో దిగదా అని ఆ రోజు తండ్రిని అడిగింది. ఆయన ఆమె చేతిలోని పట్టకారు తీసుకొని, తనే లాగడం మొదలుపెట్టాడు. గాలికి అద్దం ఏమవుతుందో అప్పటినుంచీ ఆమెకి తెలుసు.

అందుకని ఆ రెండు రోజులూ కాలు నిలవకుండా పని చేసింది. కొట్లో పెద్ద పలకలన్నిటినీ గోడవారగా నిలబెట్టి, మధ్యమధ్య పాత దుప్పట్లు కుక్కి, తాళ్లతో బిగించింది. ఇంకొన్ని పలకలు చిన్న వ్యాను వెనక చెక్క చట్రానికి కట్టే ఉన్నాయి. ఊరవతల ఎవరికో వెయ్యాల్సిన పని అది. వాటిని దింపే తీరిక లేక వ్యానుని అలాగే షెడ్డులోకి తోసింది. ఇంటి కిటికీలకి చెక్కలు కొట్టింది. పక్కింటి వాళ్లకీ ఎదురింటి వాళ్లకీ కొట్టింది. ఎవరో అద్దాల మీద కాగితం పట్టీలు అడ్డంగా అతికించుకుంటుంటే చూసి, “చెక్క కొట్టుకోండి,” అని ఒక్క మాట అనేసి పోయింది.

అన్నీ సర్దుతోందిగాని, సర్దలేనిది ఒకటి మంచం పక్కనే గురగురమంటోంది. గాలి వస్తే కరెంటు పోతుంది. పోతే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. చిన్న సిలిండరు ఒకటి ఉంది గాని అది ఒక పూటకి మించి రాదు.

రెండో రోజు సాయంత్రం వదినగారు ఫోను చేసింది. భర్తకి అక్క ఆవిడ. నది ఎగువన, కొండల అవతల ఊళ్లో ఉంటుంది.

“మా ఊరికి గాలి రాదే. కొండ అడ్డం. ఆస్పత్రి మా వీధి చివరే, దానికి సొంత జనరేటరుంది. తమ్ముణ్ని పంపించు. అమ్మనీ పంపించు. నువ్వూ వచ్చెయ్.”

“నేను రాలేను వదినా. కొట్టునిండా అద్దాలు. ఆయన్ని పంపిస్తాను.”

ఆ మాట విని భర్త మంచం మీద లేచి కూచున్నాడు. “నేనెక్కడికీ పోను.”

“పోవాలి.”

“పోతే నీతో ఎవరు మాట్లాడతారు?”

“ఎవరూ మాట్లాడక్కర్లేదు.”

“అదే నా భయం,” అన్నాడాయన. ఊపిరి తీసుకొని మళ్లీ, “చూడు, పోతే అందరం పోదాం. ఉంటే అందరం ఉందాం. ముక్కలు ముక్కలుగా పోవడమేమిటి?”

ఆమె మిషను తీగ చుట్టి సంచిలో పెడుతోంది. “కరెంటు పోతే నేనేం చెయ్యను? నా నోటితో ఊదనా?” అంది. పెళ్లయ్యాక ఆయనతో గొంతు పెంచి మాట్లాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్క. ఆయన చొక్కా వేసుకున్నాడు.

అత్తగారు మాత్రం కదల్లేదు. ఎంత చెప్పినా, “గాలి మోత వింటే కదా భయం. నాకు వినపడదు. నాకెందుకు?” అంది. బలవంతంగా రెక్క పట్టుకుంటే మంచం కోడు వాటేసుకుంది. ఇక ఆవిడని వదిలేశారు.

పక్కింటి ముసలాయన్ని అందరూ స్టీరింగు బాబాయ్ అంటారు. బస్సు తోలి రిటైరయ్యాడు. ఆమె తండ్రికి స్నేహితుడు. ఆయనే వాళ్లిద్దరి వెంట బస్సు దగ్గరికి వచ్చి, డ్రైవరు వెనక సీటు పట్టి, మిషను కాళ్ల దగ్గర పెట్టి, సిలిండరు ఒళ్లో పెట్టి భర్తని కూచోబెట్టి దిగాడు. బస్సు కదిలేటప్పుడు భర్త కిటికీలోంచి ఏదో చెబుతున్నాడు. ఇంజను మోతలో వినపడలేదు. ఆమె తలూపింది. ఇంటికొచ్చాక గాని, ఏమన్నాడో కనుక్కోవలసిందని తోచలేదు.

మర్నాడు తెల్లారేసరికి ఆకాశం ఇత్తడి గిన్నె తిరగేసినట్టుంది. ఆకు కదలడం లేదు. సముద్రపు పక్షులు వచ్చి ఊరి మధ్య నీళ్ల ట్యాంకు మీద వరసగా కూచున్నాయి. స్టీరింగు బాబాయ్ ఇంటి పైకప్పు రేకులది కాబట్టి తన రేడియో, దుప్పటి, మందుల డబ్బా పట్టుకొని వచ్చి ఆమె ముందు గదిలో మకాం పెట్టాడు. చెక్కలు కొట్టిన కిటికీల వెనక ముగ్గురూ కూచున్నారు. చెక్కల సందుల్లోంచి సన్నటి వెలుతురు గీతలు పడుతున్నాయి.

“వచ్చిందా?” అని అడిగింది అత్తగారు.

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

బాబాయ్ బస్సు తోలినట్టే తుపానునీ తోలాడు. “ఇప్పుడు వేగం తగ్గించింది. మలుపు దగ్గర కదా. మలుపు తిరిగిందంటే ఇంక నేరుగా మన మీదికే,” అన్నాడు. కాసేపాగి, “దీన్ని తోలే డ్రైవరు మంచివాడే, ఎందుకు భయం,” అని తనే అన్నాడు.

ఆమె ఒకచోట కూచోలేకపోయింది. నీళ్ల బిందెల మూతలు తీసి చూసి మళ్లీ పెట్టింది. తాళ్ల ముళ్లు లాగి చూసింది. చెయ్యడానికేమీ లేక, మిగిలిపోయిన అద్దం ముక్కలు బల్ల మీద పెట్టుకొని గీతలు గీసి విరవడం మొదలుపెట్టింది. ఎందుకూ పనికిరాని ముక్కలు. టక్, టక్ మని విరుగుతున్నాయి. స్టూలు ఖాళీగా ఉంది. ఆయన మాటల్ని ఆమె ఏనాడూ శ్రద్ధగా విన్నది లేదు. వాన పడుతుంటే చూరు చప్పుడు విన్నట్టు వినేది. ఇప్పుడా చప్పుడు లేకపోయేసరికి చెవుల్లో ఏదో కుక్కినట్టుంది. అత్తగారికి రోజూ ఇలాగే ఉంటుందా అనుకుంది.

“వచ్చిందా?”

“లేదు అత్తయ్యా,” అని చెయ్యి ఊపింది.

“వచ్చాక చెప్పు. పడుకుంటాను.”

మధ్యాహ్నానికి గాలి లేచింది. వాన ఒక విసురు విసిరి ఆగింది. వీధిలో ఎవరిదో డబ్బా దొర్లుకుంటూ పోయింది. ఇంటి కప్పు ఒకసారి మూలిగింది. ఆమె వెళ్లి, కొట్టుకీ ఇంటికీ మధ్య తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఆ తలుపు వెనకే అద్దాలన్నీ ఉన్నాయి. గాలి ఇంకో విసురు విసిరింది. తరవాతది దానికంటే కొంచెం తక్కువగా వచ్చింది. ఆ తరవాతది ఇంకా తక్కువ. ఆమె నమ్మలేదు. చూస్తూ నిలబడింది.

బాబాయ్ రేడియో చెవికి ఆనించుకొని ఉన్నవాడల్లా ఒక్క ఉదుటున లేచాడు.

“మళ్లింది! అమ్మాయ్, మళ్లిపోయింది! మనల్ని వదిలేసింది!”

ఆ కబురు ఆయన చెప్పేలోపే వీధికి తెలిసిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం వానచినుకుల్లోకి వచ్చేశారు. ఒకడు పళ్లెం తీసి గరిటెతో వాయించాడు. ఎదురింటావిడ పక్కింటావిణ్ని వాటేసుకుంది. పిల్లలు నీటి మడుగుల్లో గెంతుతున్నారు. నెత్తిమీద కత్తి తప్పిపోతే ఎవరైనా గెంతుతారు మరి.

ఆమె గుమ్మంలోకి వచ్చి, “ఎటు మళ్లింది బాబాయ్?” అంది.

“దక్షిణానికి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒడ్డెక్కిందట. అక్కణ్నుంచి నది వెంటే పైకి...” అని ఆగిపోయాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. నది వెంట పైకి పోతే ఏ ఊరొస్తుందో ముప్పై ఏళ్లు ఆ దారిన బస్సు తోలినవాడికి ఒకరు చెప్పాలా?

అప్పుడే ఫోను మోగింది. వదినగారు. వెనకనించి ఈల వేసినట్టు చప్పుడు.

“మొదలైందే! కొండ ఆపుతుందనుకున్నాం, నది సందులోంచి దూరింది. కరెంటు పోయింది. తమ్ముడు సిలిండరు పెట్టుకున్నాడు. బాగానే ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకుపోదామంటే వీధిలో నీళ్లు...”

“వదినా, ఆయన్ని కూచోబెట్టు. పడుకోబెట్టకు. ముందుకి వంచి...”

అవతల ఏమీ లేదు. లైను తెగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది.

అత్తగారికి మెలకువ వచ్చింది. గుమ్మంలోకి వచ్చి, వీధిలో గెంతుతున్న జనాన్ని చూసి, బోసినోటితో నవ్వుతూ కోడలి భుజం తట్టింది. “వచ్చి వెళ్లిపోయిందా? నన్ను లేపనే లేదేం?”

ఆవిడకి చెప్పాలి. కొడుకూ కూతురూ ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ దగ్గర దాచి ఉంచే హక్కు తనకి లేదు. మెల్లగా చెప్పే దారీ లేదు. ఆమె అత్తగారి చెవి దగ్గర నోరు పెట్టి, “అక్కడికి పోయింది!” అంది.

“ఆఁ?”

“వాళ్ల ఊరికి పోయింది అత్తయ్యా! తుపాను!”

“ఎవరు పోయారు?”

ఆమె గుండెలనిండా గాలి పీల్చి అరిచింది. “తుపాను అక్కడికి పోయింది! ఆయన దగ్గరికి! నేనే పంపించాను! పెనం మీంచి తీసి పొయ్యిలో పడేశాను!”

పళ్లెం వాయిస్తున్నవాడి చెయ్యి గాలిలో ఆగింది. వీధి వీధంతా గుమ్మం వైపు తిరిగింది. ఆమె గొంతు అంత గట్టిగా ఎప్పుడూ ఎవరూ విన్నది లేదు. పిల్లలు కూడా గెంతడం ఆపి, పెద్దవాళ్ల మొహాల్లోకి చూశారు. ఒక్కొక్కరే తలుపులు దగ్గరగా వేసుకొని లోపలికి పోయారు. పక్కింటావిడ ఒక అడుగు ముందుకి వేసి, మళ్లీ వెనక్కి వేసింది.

అత్తగారు ఏడవలేదు. కోడలి మొహం రెండు చేతులతో పట్టుకొని చూసింది. “నువ్వు పంపావు, వాళ్లక్క ఇంట్లో ఉంటాడని పంపావు. తుపాను వెంట పంపలేదు కదా,” అంది. తరవాత, “బండి ఉంది కదా మనకి?” అని అడిగింది.

ఆ సాయంత్రం ఎండ కూడా కాసింది. కడిగిన ఆకులు మెరిశాయి. ఆమెకి ఆ ఎండ చూస్తుంటే ఒళ్లు మండింది. బాబాయ్, “దారిలో చెట్లు పడి ఉంటాయి, తెల్లారేదాకా ఆగుదాం,” అన్నాడు. ఆగారు. పగటి ఎదురుచూపు కంటే ఇది పెద్దది. మధ్యాహ్నం తలుపుకి వీపైనా ఆనించింది. ఇప్పుడు ఏ తలుపుకి ఆనించాలి? గాలి తన మీదికొస్తే చెక్క కొట్టొచ్చు, తాడు కట్టొచ్చు. వేరే ఊళ్లో వీస్తున్న గాలికి ఏం చేస్తారు?

తెల్లవారుతూనే బయల్దేరారు. బాబాయ్ స్టీరింగు పట్టాడు. మధ్యలో అత్తగారు, కిటికీ వైపు ఆమె. వెనక ఆ అద్దాలు అలాగే ఉన్నాయి. దింపుదామని ఎవరికీ తట్టలేదు. నది దగ్గరకి వచ్చేసరికి లోకం మారిపోయింది. స్తంభాలు వంగి ఉన్నాయి. చెట్లు వేళ్లతో సహా లేచి రోడ్డుకి అడ్డంగా పడితే, జనం గొడ్డళ్లతో దారి చేస్తున్నారు. వంతెన దగ్గర కాపలావాడు వ్యానుని ఆపాడు.

“చుట్టాల్ని వదలడం లేదు. పనివాళ్లనే వదులుతున్నాం. వెనక్కి తిప్పండి.”

బాబాయ్ ఏదో చెప్పబోయాడు. ఆమె ఆయన్ని ఆపి దిగింది. వెనక కట్టిన గోనెపట్టా ఎత్తి చూపించింది.

“నేను అద్దాలు బిగించేదాన్ని. మీ ఊళ్లో కిటికీలున్నాయా, పోయాయా?”

కాపలావాడు అద్దాల కేసి చూశాడు, ఆమె చేతుల మీది పాత కోతల కేసి చూశాడు. “ఆస్పత్రిలో ఒక్కటి మిగల్లేదమ్మా,” అని దారికి అడ్డం పెట్టిన కర్ర ఎత్తాడు.

వదినగారి ఇల్లు నిలబడే ఉంది గాని తలుపుల్లేవు. మోకాలి లోతు బురద. మిషను గోడవారన పక్కకి పడి ఉంది. ఆమె బురదలో వంగి దాన్ని నిలబెట్టింది. పక్కింటి గోడ మీద కూచున్న ఒక ముసలావిడ, “వాళ్లు బడి మేడ మీద ఉన్నారు, తలుపు చెక్క మీద మోసుకుపోయారు,” అంది. ఎవర్ని మోసుకుపోయారు, బతికున్న మనిషినేనా అని అడగడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. అత్తగారి చెయ్యి పట్టుకొని బడి మెట్లెక్కింది.

బడి వరండాలో జనం కుప్పలుగా పడుకొని ఉన్నారు. చివరి గదిలో, ఒక బెంచీ మీద, ఎదుటి బల్ల మీదికి వంగి, మోచేతులు ఆనించి కూచుని ఉన్నాడు భర్త. పెదవులు నీలంగా ఉన్నాయి. ముక్కుకి గొట్టం ఉంది. పక్కన ఆస్పత్రి సిలిండరు. తెల్లవారుజామున ఎవరో కాంపౌండరు భుజాన వేసుకొని నీళ్లలో నడిచి తెచ్చాడట. సొంత సిలిండరు ఎప్పుడో అయిపోయింది. మధ్యలో ఉన్న ఆ కాలమంతా ఆయన అలాగే వంగి, కొవ్వొత్తి ఊదినట్టు పెదవులు ముడిచి మెల్లగా ఊపిరి వదులుతూ కూచున్నాడు. వదినగారు వీపు రాస్తూ కూచుంది.

వదినగారు లేచి నిలబడి బావురుమంది. “నేనే రమ్మన్నానే. గాలి రాదని చెప్పి నేనే రమ్మన్నాను.”

“నువ్వు రమ్మన్నావు, నేను పంపాను. ఇద్దరం చెరిసగం పంచుకుందాంలే, ఏడవకు,” అంది ఆమె.

భర్త తలెత్తి చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు, గాలే వచ్చింది.

“మాట్లాడకండి,” అంది ఆమె బెంచీ మీద పక్కన కూచుంటూ. “ఒక్క మాట కూడా మాట్లాడకండి. నేను చెబుతాను. అక్కడ ఏమీ కాలేదు. ఒక్క అద్దం పోలేదు. బాబాయ్ రేడియోతో సహా మనింట్లోనే పడుకున్నాడు, గురక పెడితే కప్పు లేచిపోతుందనుకున్నాను. పాలు విరిగిపోయాయి. మీరుంటే కాచి ఉంచేవారు, నాకు గుర్తే లేదు. అత్తయ్య బయల్దేరిన దగ్గర్నుంచీ దారంతా ఇదే ఊరా, ఇదే ఊరా అని అడుగుతూనే ఉన్నారు...” అలా చెబుతూనే ఉంది. ఆపడం ఎలాగో తెలియనట్టు చెప్పింది. చెప్పడానికి ఏమీ మిగలకపోతే, దారిలో పడిన చెట్లెలా ఉన్నాయో చెప్పింది. ఆయన వింటూ, బల్ల మీద ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఉంచాడు. అత్తగారు కొడుకు వీపు మీద చెవి ఆనించి, వినపడకపోయినా, ఊపిరి కదలడం చూసుకుంది.

“బస్సు కదిలేటప్పుడు ఏమిటి చెప్పారు?” అని అడిగింది చివరికి. అడిగి, మాట్లాడకండని తనే అన్న సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

ఆయన ఒక్కొక్క మాటకీ ఆగుతూ చెప్పాడు. “పొయ్యి మీద... గంజి ఉంది... చూడమన్నాను.”

“మాడిపోయింది,” అంది ఆమె.

నీళ్లు తీశాక ఆయన్ని ఆస్పత్రి పై అంతస్తుకి మార్చారు. అక్కడ కిటికీలకి ఒట్టి చట్రాలే ఉన్నాయి. వాన జల్లు మంచాల మీదికి కొడుతోంది. వంతెన దగ్గర తను అన్న మాట ఆమె మరిచిపోలేదు. వ్యానులోంచి అద్దాలు మోయించింది. బల్ల లేకపోతే నేల మీదే కంబళి పరిచి గీతలు గీసింది. రెండో కొస వదినగారు పట్టుకుంది. మొదటి పలక జారవిడిచి పగలగొట్టింది కూడా. “పోనీలే వదినా. రెండోది గట్టిగా పట్టుకో,” అంది ఆమె. ఆ వార్డు పూర్తయ్యాక కింది వార్డు. బాబాయ్ రెండుసార్లు ఊరికి పోయి, కొట్లో ఉన్న అద్దాలన్నీ తెచ్చాడు. భర్తని ఇంటికి పంపేదాకా ఆమె ఆ ఆస్పత్రిలోనే పని చేస్తూ ఉంది. రోగులు మంచాల మీద పడుకొని ఆమె పని చూసేవాళ్లు. కాలక్షేపం అది వాళ్లకి.

ఇంటికి వచ్చిన రోజు వీధి మర్యాదగా ఉంది, మరీ మర్యాదగా. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సాయంత్రం ఎదురింటావిడ గిన్నెతో పాలు పట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి, “ఆ రోజు మేం... మాకు తెలీదమ్మా. తెలిస్తే అలా...” అంది.

“తెలిస్తే మాత్రం? మీ పిల్లలు బతికారు. నేనైనా గెంతేదాన్నే,” అంది ఆమె. గిన్నె అందుకుంది. “లోపలికి రండి. ఆయన మాట్లాడలేరు గాని వింటారు.”

ఆ తుపాను ఆయన దగ్గర కొంత తీసుకునే పోయింది. ఇదివరకటిలా స్టూలు మీద కూచుని పొద్దు గుంకేదాకా కబుర్లు చెప్పే ఊపిరి మళ్లీ రాలేదు. రోజుకి కాసిని మాటలు. వాటిని చూసి చూసి వాడేవాడు. కొట్టుకొచ్చిన వాళ్లు మొదట్లో ఇబ్బంది పడ్డారు. ఆ లోటు పూడ్చడానికో ఏమో ఆమె కొంచెం మాట్లాడడం నేర్చుకుంది. బాగా రాలేదు. వాతావరణం గురించి ఒకటి చెప్పి, మళ్లీ అదే ఇంకోసారి చెప్పేది. బురదలో పడిన మిషను బాగు చేయించి, దాన్ని నడిపించే పెద్ద బ్యాటరీ ఒకటి కొన్నారు. దానిమీద దుమ్ము పడకుండా అత్తగారు రోజూ గుడ్డతో తుడిచేది.

రెండేళ్ల తరవాత ఇంకో తుపాను బయల్దేరింది. వదినగారు ఫోను చేసి, “ఈసారి నేను రమ్మననే. ఏమనాలో కూడా తెలియడం లేదు,” అంది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఎటు మళ్లుతుందో బాబాయ్ మూడు రకాలుగా చెప్పాడు. అది ఎటూ మళ్లలేదు. సూటిగా ఈ ఊరి మీదికే వచ్చింది. అందరూ నడిమి గదిలో, బ్యాటరీ చుట్టూ కూచున్నారు. కొట్టు పైకప్పు లేచిపోయింది. అద్దాల్లో సగానికి పైగా పోయాయి. అవి పగులుతున్న చప్పుడు వినపడినప్పుడల్లా ఆమె కళ్లు మూసుకునేది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకొని కూచున్నాడు.

మర్నాడు ఎండ కాసింది. ఆమె తోలు తొడుగులు వేసుకొని, కొట్లో వంగి పెంకులు ఏరి బుట్టలో వేస్తోంది. ఆయన గుమ్మంలో కుర్చీ వేయించుకొని చూస్తున్నాడు.

“ఆ బల్ల కింద... ఇంకోటుంది,” అన్నాడు.

ఆమె వంగి దాన్ని కూడా తీసింది.